ముడతల చలికాలం

మిషను మీద బొంత కుట్టేటప్పుడు ముడతలు పడకుండా ఏం చేయాలని నన్ను చాలామంది అడుగుతుంటారు. చెప్పిందంతా విని, తలూపి, ఇంటికి వెళ్ళి, ముడతలు వేసుకుని మళ్ళీ వస్తారు. వాళ్ళ తప్పేమీ లేదు. ముడత పడకుండా కుట్టడం నాకు వచ్చింది, కావాలని ముడతలు వేసిన ఒక చలికాలంలో. ఆ చదువు అందరికీ దొరకదు. దానికి ఇంట్లో ఒక అమ్మ, ఒక అత్తగారు, వాళ్ళిద్దరికీ కలిపి ఒకే మంచం ఉండాలి.

ఆ ఏడు చలి మొదలవుతుండగా మా అమ్మ తన ఇంటి మెట్ల మీద జారింది. ఇల్లంటే సైకిళ్ళు బాగుచేసే కొట్టు పైన రెండు గదులు. ఇనప మెట్లు. నిచ్చెనను కాస్త మర్యాద చేసి మెట్లని పిలిస్తే ఎలా ఉంటాయో అలా ఉంటాయి. నాన్న పోయాక కూడా అమ్మ అక్కడే ఒక్కతే ఉంటూ వచ్చింది. కుడి మడమ దగ్గర ఎముక చిట్లిందని డాక్టరు కట్టు కట్టి, మెట్లెక్కొద్దన్నాడు. మెట్లెక్కకుండా ఆ ఇంట్లోకి వెళ్ళే దారి లేదు కనక మా ఇంటికి వచ్చింది. వచ్చిందనడం కన్నా, మా ఆయన కారులో వేసుకుని తెచ్చాడనడం సబబు.

ఒక్క సంచితో వచ్చింది. నీలం రంగు జిప్పు సంచి. దాన్ని మంచం కింద పెట్టుకుని, కావలసిన బట్ట తీసుకుని, వెంటనే జిప్పు మూసేసేది. నేను అలమారులో ఒక అర ఖాళీ చేసి, తుడిచి, కాగితం కూడా పరిచి ఇచ్చాను. ఆ కాగితం అలాగే తెల్లగా ఉండిపోయింది.

"అలమారులో పెట్టుకోవచ్చుగా అమ్మా?"

"ఎందుకే? మళ్ళీ తీసి సర్దుకోవాలి."

మా ఇంట్లో గదులు తక్కువ. అత్తయ్య గదిలో మామయ్య ఉన్నప్పటి పెద్ద మంచం ఉంది. అమ్మకు చోటు అక్కడే. వియ్యపురాళ్ళిద్దరూ అంతకుముందు ఎప్పుడో ఒక పూట కలిసి భోంచేసి, "మీరు రావాలండీ" అంటే "మీరే రావాలండీ" అనుకుని విడిపోయినవాళ్ళే తప్ప, ఒక గదిలో ఒక మంచం మీద పడుకోవాల్సి వస్తుందని కలగన్నవాళ్ళు కారు. అత్తయ్య ఉద్యోగమంతా టెలిఫోను ఎక్స్ఛేంజిలో గడిచింది. అవతలివాళ్ళు ఎంత అరిచినా "దయచేసి లైనులో ఉండండి" అని చెప్పి చెప్పి, ఆ మర్యాద ఆవిడ గొంతులో ఉండిపోయింది. మా అమ్మ హైస్కూల్లో కుట్లు, అల్లికలు నేర్పే టీచరు. పిల్లలను తిట్టడం తప్ప పెద్దలతో ఎలా మాట్లాడాలో పెద్దగా తెలియదు. అందుకని తెలియనప్పుడల్లా అత్తయ్యను చూసి రాసేది.

"స్నానానికి మీరు వెళ్ళండి వదినగారూ."

"అబ్బే, ముందు మీరు కానివ్వండి వదినగారూ."

ఈలోగా మా ఆయన వెళ్ళి స్నానం చేసి, వేడినీళ్ళన్నీ అవగొట్టి వచ్చేవాడు.

పొద్దున్నే దుప్పటి దులపడానికి వెళ్తే చూసేదాన్ని. అత్తయ్య పడుకున్న అంచు నలిగి ఉండేది. అమ్మ పడుకున్న అంచు నలిగి ఉండేది. మధ్యలో ఇంకో మనిషి హాయిగా పడుకునేంత మేర, ఇస్త్రీ చేసినట్టు, ఒక్క గీత లేకుండా ఉండేది.

కట్టు విప్పిన సాయంత్రం టీ తాగుతూ అమ్మ అంది, "ఇంక నాలుగడుగులు వేయడం వస్తే వెళ్ళిపోతానండీ వదినగారూ. మిమ్మల్ని చాలా ఇబ్బంది పెట్టాను."

"ఇబ్బందేముందండీ. కానీ మిమ్మల్ని ఉత్త చేతులతో పంపను. ఆ పై గదుల్లో చలి ఎక్కువని మీరే అన్నారుగా. ఒక బొంత కుట్టించి ఇస్తాను."

"అయ్యో, మీకెందుకండీ శ్రమ?"

"శ్రమేముందండీ!"

అమ్మ కప్పు కింద పెట్టి, "సరే అయితే. బొంత అవగానే బయల్దేరతాను" అంది.

అలా మా అమ్మ ప్రయాణానికి ముహూర్తం కుదిరింది, గుడ్డముక్కల్లో.

"ఇంతకీ ఎవరు కుడతారు?" అన్నాడు మా ఆయన, తనకు ఏ సంబంధమూ లేని విషయాల్లో ఆయనకు ఉండే ఉత్సాహంతో. ఇంట్లో ఉన్నది అత్తయ్య మిషను. కాలితో తొక్కాలి. అమ్మ కుడికాలు తొక్కే స్థితిలో లేదు. అత్తయ్య తన కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, "నాకు సూది బెజ్జం కూడా కనిపించదు నాయనా" అంది. అందరూ నా వైపు చూశారు.

"ఇదా?" అంది అమ్మ.

కుట్ల టీచరు కూతురికి బొత్తాం కుట్టడం రాదన్న పేరు నాకు చిన్నప్పటి నుంచీ ఉంది. కాలేజీలో చదివి పట్టా తెచ్చుకున్నా అది పోలేదు. ఊళ్ళో సగం మంది ఆడపిల్లలకు కుట్టడం నేర్పిన మనిషి, నన్ను మాత్రం "దీని చేతికి సూదిస్తే గుడ్డ ఏడుస్తుంది" అని వదిలేసింది. నిజానికి ఆ పేరు నాకు చాలా సుఖంగా ఉండేది. ఎవరూ ఏ పనీ చెప్పేవాళ్ళు కారు. ఆ పేరే ఇంత అక్కరకొస్తుందని అప్పటికి నాకు తెలియదు.

అత్తయ్య దాచిన పాత పరదాలు, మా ఆయన వదిలేసిన చొక్కాలు, నా పాత గౌన్లు అన్నీ ఉతికి, ఆరేసి, ఇస్త్రీ చేసి ముక్కలు కోశాం. కొత్త గుడ్డయినా పాత గుడ్డయినా ముందు నీళ్ళలో పడాల్సిందేనంది అమ్మ. కుట్టాక కుంచించుకుపోయే గుడ్డ పక్క గుడ్డను కూడా పట్టుకుని లాగుతుందట. ముక్కలు అతికి పై గుడ్డ తయారు చేయడం వరకు నా కుట్లు వంకరపోయినా ఎవరికీ నష్టం లేకపోయింది. తరవాత అసలు పని. కింద అస్తరు, మధ్యలో దూది పొర, పైన అతుకుల గుడ్డ. మూడూ కదలకుండా ఒకటిగా పట్టి కుట్టాలి.

ముందుగదిలో కుర్చీలన్నీ గోడకు జరిపి, నేల తుడిచి, అస్తరు పరిచాం. ఈ చివర అత్తయ్య మోకాళ్ళ మీద. ఆ చివర అమ్మ, కాలు చాపుకుని చిన్న పీట మీద. ఇద్దరి చేతుల్లోనూ టేపు. గుడ్డ అంచులను నేలకు అతికించాలి.

అత్తయ్య తనవైపు గుడ్డను గట్టిగా లాగి అతికించింది. పని మనస్ఫూర్తిగా చేస్తున్నానని వియ్యపురాలికి తెలియాలి కదా. అమ్మ చూసింది. అంత లాగకూడదని అమ్మకు తెలుసు. ముప్పై ఏళ్ళు పిల్లలకు చెప్పిన మాటే అది. కానీ ఎదుట ఉన్నది వియ్యపురాలు, ఇల్లు ఆవిడది, బొంత ఆవిడ ఇస్తున్నది. నోరు తెరిచి మళ్ళీ మూసుకుంది. ఆవిడ లాగినంతా తనూ ఇటు లాగి అతికించింది, గుడ్డ ఒకవైపే పోకుండా. అది చూసి, వదినగారు తనకన్నా గట్టిగా చేస్తున్నారని అత్తయ్య మళ్ళీ లాగింది.

"బాగా వచ్చిందండీ."

"మీ చేతి చలవండీ."

గుడ్డ డప్పు మీద తోలులా బిగిసింది. వేలితో కొడితే మోగేట్టు ఉంది. దాని మీద దూది, దాని మీద పై గుడ్డ పరిచి, పిన్నీసులు పెట్టి, చివరికి టేపు ఊడదీశాం. అంతసేపు ఊపిరి బిగబట్టిన మనిషి ఒక్కసారి వదిలితే ఎలా ఉంటుందో, అస్తరు అలా వెనక్కి ముడుచుకుపోయింది. పైనున్న గుడ్డంతా అలలు అలలుగా లేచింది.

ముగ్గురం వంగి దాన్ని చూశాం.

"నువ్వు లాగావు" అంది అమ్మ నాతో.

"నేనా? నేను పిన్నీసుల డబ్బా పట్టుకుని ఉన్నాను!"

"పట్టుకుని లాగావు."

వియ్యపురాలిని అనలేని మాటలు కూతుర్ని అనవచ్చు. కూతుళ్ళు ఉన్నది కొంతవరకు అందుకే. పిన్నీసులన్నీ తీసి, ఆ పాఠం నాకు చెబుతున్నట్టుగా అత్తయ్యకు వినిపించేలా చెప్పింది అమ్మ. గుడ్డను లాగకూడదు, నిమరాలి. మధ్యలోంచి అరచేత్తో బయటికి నిమురుకుంటూ పోవాలి. ఎంత నిలబడాలని దానికి ఉంటే అంతే నిలబడనివ్వాలి. అరచెయ్యి ఎక్కడ పెట్టినా దాని కింద ఒక పిన్నీసు తగలాలి. అత్తయ్య చాలా శ్రద్ధగా విని, "అమ్మాయ్, విన్నావా?" అంది నాతో.

ఆ మర్నాడే సైకిళ్ళ కొట్టాయన ఫోను చేశాడు. అమ్మ చెవి కాస్త మందం కనక ఆయన మాటలు ఇల్లంతా వినిపించాయి. మెట్ల పక్క కడ్డీ పూర్తిగా ఊడిపోయిందట. ఇంటాయన వేయిస్తానంటూనే ఉన్నాడట. "మీరొస్తే గోడ పట్టుకుని ఎక్కాలమ్మా, మంచు పడితే ఇంకా జారుతుంది" అన్నాడు. "పరవాలేదు బాబూ, మెల్లిగా ఎక్కుతాను" అంది అమ్మ. పెట్టేసి, నేను గుమ్మంలో నిలబడి ఉండడం చూసింది.

"ఇక్కడే ఉండిపోవచ్చుగా అమ్మా" అన్నాను.

"నాకు నా ఇల్లుంది కదే. చుట్టం చుట్టంలా ఉంటేనే అందరికీ బాగుంటుంది." గొంతు తగ్గించి, "ఆవిడ మంచిది. మంచివాళ్ళ నెత్తిన కూర్చోకూడదు" అంది.

అప్పటికి నేను మిషను ముందు కూర్చుని మొదటి వరస కుట్టేశాను. అమ్మ పక్కన కుర్చీలో కూర్చుని చెబుతుంటే కుట్టాను. మధ్య నుంచి మొదలుపెట్టి అంచులకు వెళ్ళాలి. కుట్టని భాగాన్ని చాపలా చుట్టి చంకలోకి తీసుకోవాలి. బరువు బల్ల మీంచి కిందికి వేలాడితే సూది దగ్గర గుడ్డను వెనక్కి లాగుతుంది, అందుకని ఎడమపక్క ఇస్త్రీ బల్ల వేసుకుని దాని మీద పెట్టుకోవాలి. సూది దగ్గర గుడ్డను నొక్కిపట్టే పాదం పైన ఉన్న బిగింపు మరను రెండు చుట్లు వదులు చేయాలి. కింద మిషను పళ్ళు అస్తరును ముందుకు నడిపిస్తుంటాయి, పైన పాదం పై గుడ్డను నొక్కి ఆపుతుంటుంది. ఒకటి నడుస్తూ ఒకటి ఆగితే మధ్యలో మిగిలిపోయిన గుడ్డ ఎక్కడికి పోతుంది? ముడతై కూర్చుంటుంది.

కుట్టు చివరిదాకా వెళ్ళి వెనక్కి తిప్పి చూశాం. ఎక్కడా ఒక్క ముడత లేదు. అమ్మ ఆశ్చర్యంగా నా మొహం చూసింది. నేనూ నా చేతులు చూసుకున్నాను. ఇలా అయితే బొంత త్వరలోనే అయిపోతుందని ఇద్దరికీ ఒకేసారి అర్థమైంది. అమ్మకు సంతోషం వేసినట్టుంది.

రెండో వరస కుట్టేటప్పుడు ఇస్త్రీ బల్లను మోకాలితో కాస్త దూరంగా తోశాను.

అంతే. బొంత బరువు వేలాడింది, కుట్టు కింద సన్నటి ముడత, చీమ మీసమంత, లేచింది. నేను దాన్ని చూడనట్టే అంచుదాకా వెళ్ళాను. అప్పటికి చీమ మీసం పిల్లి మీసమైంది.

"హూ" అంది అమ్మ. "అదే అనుకున్నాను, ఇది నా కూతురేనా అని. విప్పు."

కుట్టడానికి ఒక గంట పడితే విప్పడానికి ఒక పూట పడుతుంది. ఆ లెక్క తెలిశాక నాకు పట్టపగ్గాలు లేకపోయాయి. ఒక రోజు మర బిగించేదాన్ని. ఒక రోజు పాదం వెనక నుంచి గుడ్డను సుతారంగా లాగేదాన్ని. ఒక వరస పైనుంచి కిందికి కుట్టి, పక్క వరస కిందినుంచి పైకి కుడితే మధ్య గళ్ళన్నీ మెలితిరిగి పోతాయని కనిపెట్టిన రోజు పాట పాడుకుంటూ వంట చేశాను. ఏ తప్పుకు ఎంత ముడత వస్తుందో, ఎన్ని కుట్లకు ఒకటి వస్తుందో నాకు నోటికి వచ్చేసింది. చిన్నప్పుడు అమ్మ దగ్గర ఇంత శ్రద్ధగా నేర్చుకుని ఉంటే ఏమయ్యేదో అనిపించేది. ఏమయ్యేది, ఊళ్ళో బట్టలన్నీ నేనే కుట్టేదాన్ని.

విప్పే పని మాత్రం వాళ్ళిద్దరిదీ. కిటికీ దగ్గర ఎండ పడే చోట రెండు కుర్చీలు, మధ్యలో బొంత, ఇద్దరి మోకాళ్ళనూ కప్పుతూ. అమ్మ చిన్న కొక్కెం కత్తితో కుట్టు తెంపేది. అత్తయ్య దారం ముక్కలు ఏరి గిన్నెలో వేసేది. సూది బెజ్జం కనిపించని కళ్ళకు తెల్లగుడ్డ మీద తెల్లదారం ముక్కలు ఎలా కనిపించేవో నేనడగలేదు. మొదట్లో అండీ అండీ అనుకుంటూ మొదలైంది. మోకాళ్ళ మీద ఒకే బొంత ఉన్నప్పుడు అంత మర్యాద ఎంతసేపని నిలుస్తుంది?

"మా ఆయన కూర బాగుందని ఒక్కసారి కూడా అనలేదండీ, తెలుసా?" అంది అత్తయ్య ఒకరోజు. "మీవారు?"

"అనేవారు. కూర పక్కింటావిడ పంపిన రోజు."

అత్తయ్య నవ్వు నేను వంటింట్లోంచి విన్నాను. ఎక్స్ఛేంజి నవ్వు కాదది. కాపరానికొచ్చి ఇన్నేళ్ళయినా నేనెప్పుడూ వినని నవ్వు.

తరవాత తరవాత నా మీద పడ్డారు. "మీ అమ్మాయి మంచిదేనండీ, కానీ గిన్నె తోమితే అడుగు తోమదు" అని అత్తయ్య. "చిన్నప్పుడు చెవులు కూడా అంతేనండీ, ముందువైపే కడిగేది" అని అమ్మ. నేను టీ కప్పులు పట్టుకుని ఎదురుగానే నిలబడి ఉన్నా, ఫోటోలో మనిషి గురించి మాట్లాడుకున్నట్టు మాట్లాడుకునేవాళ్ళు. వాళ్ళు దారాలు వేస్తున్న గిన్నె కూడా అడుగు తోమనిదేనని నేను చెప్పలేదు.

ఇంత సవ్యంగా సాగుతుండగా మా ఆయన ఒక మంచి పని చేశాడు. మిషన్లు అమ్మే కొట్టుకు వెళ్ళి, మా కష్టం చెప్పి, ఒక కొత్త పాదం కొనుక్కొచ్చాడు. దానికీ కింద పళ్ళలాగే పళ్ళున్నాయి. పై గుడ్డను కూడా అది అడుగులు వేయించి నడిపిస్తుందట. "ఇంక ముడతన్నది పడదట, కొట్టతను గ్యారంటీ ఇచ్చాడు" అని, లోకాన్ని ఉద్ధరించినవాడిలా దాన్ని డబ్బాలో పెట్టాడు. అమ్మ దాన్ని తిప్పి చూసి మెచ్చుకుంది. "అల్లుడుగారికున్న తెలివి నీకుంటేనా!" అంది నాతో.

ఆ పాదాన్ని ఎలా పోగొట్టాలా అని పొద్దున వంటంతా ఆలోచించాను. పిండి డబ్బాలో వేద్దామా, మొక్క కుండీలో పాతేద్దామా అని. మధ్యాహ్నం మెల్లిగా వెళ్ళి మిషను డబ్బా తెరిచాను.

పాదం లేదు. అప్పటికే ఎవరో పోగొట్టారు.

అప్పుడు కొన్ని సంగతులు గుర్తొచ్చాయి. కిందటి వారం నేను దగ్గరదగ్గరగా పెట్టిన పిన్నీసులు మర్నాటికి దూరందూరంగా ఉన్నాయి. నేను వదులు చేసిన మర ఒకసారి బిగిసి ఉంది. నేనే మరిచిపోయానేమో అనుకున్నాను.

మర్నాడు అమ్మ కునుకు తీస్తున్న వేళ నేను చెప్పులు లేకుండా ముందుగదిలోకి వెళ్ళాను. అత్తయ్య మిషను మీద వంగి ఉంది. కళ్ళజోడు పెట్టుకునే ఉంది. రెండు వేళ్ళతో మరను కుడివైపుకు తిప్పుతోంది, ఏదో నంబరు కలుపుతున్నంత నేర్పుగా. తలెత్తి నన్ను చూసింది. చెయ్యి తీయలేదు.

"దుమ్ము పట్టిందమ్మాయ్. తుడుస్తున్నా."

"తుడవండి అత్తయ్యా. నేను కూడా అప్పుడప్పుడు తుడుస్తుంటాను."

"చూశాను" అంది అత్తయ్య.

ఆ విషయం మేమిద్దరం మళ్ళీ ఎప్పుడూ మాట్లాడుకోలేదు. కాకపోతే ఆ రోజు నుంచి ఇద్దరం ఒకే వరసను పాడుచేయకుండా చూసుకున్నాం.

అయినా చలికాలానికి చివరంటూ ఉంటుంది. అమ్మ గోడ వదిలి నడిచింది. తరవాత కర్ర వదిలి నడిచింది. ఒకనాడు నేనూ అత్తయ్యా కూరలకు వెళ్ళి తిరిగొస్తుంటే, వీధిలోకే మిషను చప్పుడు వినిపించింది. ఆగుతూ సాగుతూ తడబడే నా చప్పుడు కాదు. వాన పడుతున్నట్టు ఒకే తీరుగా ఉంది. అత్తయ్య చేతిలో సంచి ఒక చేతినుంచి ఇంకో చేతికి మార్చుకుంది.

అమ్మ మిషను ముందు కూర్చుని ఉంది, కుడికాలు తొక్కుడు మీద. ఇస్త్రీ బల్ల ఎడమపక్కన, ఒక కుర్చీ వెనకపక్కన. బొంత బరువంతా వాటి మీద ఉంది. చేతులు గుడ్డ మీద ఊరికే ఉన్నాయి, నిద్రపోతున్న పిల్లను జోకొడుతున్నట్టు. లాగడం లేదు, నెట్టడం లేదు. మిగిలిన వరసలన్నీ అయిపోయాయి. మా ఆయన తెచ్చిన పాదం లేకుండానే.

చివరి కుట్టు దగ్గర సూది గుడ్డలోనే దింపి ఆపి, దారం తెంపి, నా వైపు తిరిగింది.

"కుట్టడం రానివాళ్ళు వేసే ముడతలు చాలా చూశానే నేను. ఎక్కడబడితే అక్కడ పడతాయి. నీవన్నీ పద్ధతిగా, విప్పడానికి వీలుగా పడ్డాయి. అన్ని రకాల ముడతలు వేయాలంటే ఎంత బాగా కుట్టడం రావాలి?"

నేను కూరల సంచిలోకి చూశాను.

"కొన్ని నీ చేతివి కావులే" అంది అమ్మ. అత్తయ్య కిటికీ ఊచలు తుడవడం మొదలుపెట్టింది.

కోపంగా అనలేదు. కోపంగా అంటే బాగుండేది. బొంత మడతపెట్టి, మీద చెయ్యి వేసి, "అంచు ఒక్కటే ఉంది. అది రేపటి పని. ఆదివారం అల్లుడుగారికి సెలవుగా, దింపేస్తారు" అంది. వెళ్ళి మంచం కింద సంచి జిప్పు సరిగ్గా పడుతుందో లేదో చూసుకుంది. ఆ రాత్రి భోజనాల దగ్గర ఎవరూ ఎవరినీ ముందు వడ్డించుకోమనలేదు.

పొద్దున నేను లేచేసరికి అత్తయ్య గదిలో పరదా లేదు. కిటికీలోంచి ఎండ సూటిగా మంచం మీద పడుతోంది. అత్తయ్య మంచాన్ని అడ్డంగా మూరలతో కొలుస్తోంది. తరవాత వచ్చి బొంతను కొలిచింది. ఏదో లెక్క వేసుకుని తలూపి, పరదాను నిలువుగా రెండు పట్టీలుగా కోసింది. మిగిలిన దూది, అస్తరు దాని కింద పరిచి, చకచకా నాలుగు పిన్నీసులు గుచ్చి, మిషను ముందు కూర్చుంది. కళ్ళజోడు సర్దుకుని, సూదిలో దారం ఒక్కసారికే ఎక్కించింది.

"ఏం చేస్తున్నారండీ వదినగారూ?" అంది అమ్మ గుమ్మంలోంచి.

"అంచు కుడుతున్నానండీ. మీరు కూర్చోండి."

కుట్టింది. నిజం చెప్పాలంటే అది కుట్టడం కాదు. నేను ఎంత తెలివి ఉపయోగించి వేసిన ముడతలైనా అత్తయ్య సహజంగా వేసిన ముడతల ముందు దిగదుడుపే. గుడ్డను రెండు చేతులా పట్టుకుని, ఎవరో తన చేతిలోంచి లాక్కుంటున్నట్టు లాగుతోంది. పట్టీ కుడివైపు పోతే ఇటు లాగుతుంది, ఎడమవైపు పోతే అటు లాగుతుంది. సూది వంగుతోంది. పై గుడ్డ పాదం ముందు కుప్పలా పోగవుతోంది.

అమ్మ ఒక అడుగు ముందుకు వేసి ఆగింది. నోరు తెరిచి మూసుకుంది, ఆ రోజు నేల మీద పీటపై కూర్చుని మూసుకున్నట్టే. అత్తయ్య ఇంకోసారి లాగింది. టక్కుమని దారం తెగింది.

"అబ్బబ్బ, లాగకు వదినా!" అని అరిచింది అమ్మ. "ఎన్నిసార్లు చెప్పాలి? గుడ్డనలా పీక్కు తింటావేం? దాని మానాన దాన్ని పోనీ!"

అత్తయ్య మిషను తొక్కడం ఆపేసింది. పక్కగదిలో గడ్డం గీసుకుంటున్న మా ఆయన కూడా ఆపేశాడు. అమ్మ చెయ్యి తన నోటి దగ్గరికి వెళ్ళింది.

అత్తయ్య మిషను మీంచి తిరగలేదు. "మరి అంత తెలిసినదానివి అక్కడ నిలబడి చూస్తావేం? వచ్చి చూపించు" అంది. తన కళ్ళజోడు డబ్బా తెరిచి, అందులోంచి మా ఆయన తెచ్చిన పాదం తీసి, మిషను మీద పెట్టింది. "ఇది కావాలా?"

అమ్మ దాన్ని చూసింది. నన్ను చూసింది. పెదవులు బిగించుకుంది గానీ భుజాలు కదులుతున్నాయి. కుర్చీ లాక్కుని అత్తయ్య పక్కన కూర్చుంది. ఒకరి చేతుల పక్కన ఒకరి చేతులు పెట్టుకుని రెండో పట్టీ కుట్టారు. అది చదునుగా వచ్చింది. రెండు పట్టీలూ బొంతకు చెరోవైపు అతికేసరికి సాయంత్రమైంది.

దులిపి, పరిచి చూసేసరికి అమ్మ కనుబొమలు ముడిపడ్డాయి.

"ఇదేమిటి వదినా, ఇంత వెడల్పైంది? మా ఇంట్లో ఉన్నది ఒంటి మంచం. దాని మీద వేస్తే రెండువైపులా నేల మీద పడి ఈడుస్తుంది."

"అవును" అంది అత్తయ్య. "కొలిచే కుట్టాను."

బొంతను తీసుకెళ్ళి తన గదిలో మంచం మీద పరిచింది. అంచు నుంచి అంచుకు సరిగ్గా సరిపోయింది. వెలుతురు పడకుండా కిటికీకి పాత తువ్వాలు కట్టుకుంటూ, "కొత్త పరదా కొనాలి. ఏ రంగు బాగుంటుందో రేపు నువ్వు కూడా వచ్చి చూడు" అంది.

అమ్మ మంచం దగ్గరికి వచ్చింది. అత్తయ్య వైపు పట్టీలో ముడతల మీద వేలు పెట్టి, "ఇవి విప్పాలి" అంది.

"విప్పుదాం. తొందరేముంది?"

అప్పుడు అమ్మ నన్ను పిలిచింది. నా మొహం చూడకుండానే, "ఆ సంచిలో బట్టలన్నీ మడతలు పడి నాశనమైపోతున్నాయే. తీసి అలమారులో పెట్టు. కాగితం మార్చు, దుమ్ము పట్టుంటుంది" అంది.

కాగితం మార్చలేదు. శుభ్రంగానే ఉంది.

ఆదివారం మా ఆయన కారు తాళాలు పట్టుకుని తయారై, ఎవరూ బయల్దేరకపోవడం చూసి, కాసేపు గుమ్మంలో నిలబడి, మళ్ళీ చొక్కా విప్పుకున్నాడు. ఎవరూ ఆయనకు ఏమీ చెప్పలేదు. ఆయన అడగలేదు. కాపరంలో ఆయనలో నాకు బాగా నచ్చిన గుణాల్లో అదొకటి.

సోమవారం పొద్దున దుప్పటి దులపడానికి వెళ్ళాను. మంచం ఈ చివర నుంచి ఆ చివర దాకా నలిగి ఉంది. ఇస్త్రీ చేసినట్టుండే మధ్య భాగం ఎక్కడుందో వెతికినా కనిపించలేదు. దులపకుండా వచ్చేశాను.

ఆ తరవాత ఆ మంచం మీద వాళ్ళు చాలా చలికాలాలు దెబ్బలాడుకున్నారు. బొంత నీ వైపు ఎక్కువ లాక్కున్నావంటే నువ్వు లాక్కున్నావని. ఇప్పుడు ఇద్దరూ లేరు. బొంత ఉంది. ఎండాకాలమంతా దాన్ని మడిచి నీలం సంచిలో పెడతాను. అంతకన్నా సరిపోయేది ఇంట్లో ఇంకేదీ లేదు. చలి మొదలవగానే జిప్పు తీసి ఎండలో వేస్తాను. కుట్టడం నేర్చుకోవడానికి వచ్చినవాళ్ళు దాన్ని చూసి, "అంతా ఇంత చక్కగా కుట్టి, ఈ ఒక్క పట్టీ ఇలా వదిలేశారేమండీ? విప్పి మళ్ళీ కుట్టొచ్చుగా?" అంటారు.

"విప్పుదాం" అంటాను. "తొందరేముంది?"